కారు రంగుకు మెరుగు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కారు డీటెయిలింగును, అంటే కారును లోతుగా శుభ్రం చేసి రంగుకు మెరుగు పెట్టే పనిని, సెలవు రోజుల వ్యాపకంగా చేపట్టాలనుకుంటున్న పాఠకులు కొంతకాలంగా ఈ శీర్షికకు రాస్తున్నారు. వారి ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: నా నల్ల కారు కొని మూడేళ్లయింది. నీడలో కొత్తదానిలాగే ఉంటుంది కానీ, ఎండలో నిలిపినా, రాత్రి పెట్రోలు బంకు దీపాల కింద ఆపినా బానెట్ మీద సాలెగూడులా గుండ్రటి సన్నగీతలు కనిపిస్తున్నాయి. మా అపార్ట్‌మెంటులో రోజూ ఉదయం ఒక అబ్బాయి తడిగుడ్డతో కార్లు తుడుస్తాడు. ఈ గీతలను తీయడం నేనే నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాదు

సమాధానం: గీతలకు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. నగరపు దుమ్ములో ఇసుక రేణువులు, సిమెంటు పొడి, బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను కలిసి ఉంటాయి. అరబక్కెట నీళ్లలో ఒకే గుడ్డను ముంచుతూ వరసగా కార్లన్నీ తుడిచినప్పుడు ఆ రేణువులు పోగుల్లో చిక్కుకుని ప్రతి కారు మీదా గీతలు గీస్తూ పోతాయి. ఆ అబ్బాయిని తప్పుపట్టవలసిన పని లేదు. అతనికి దొరికే నీళ్లతో, దొరికే సమయంలో అంతకంటే బాగా ఎవరూ తుడవలేరు. అతని నెల జీతం తగ్గించకుండా, అద్దాలూ చక్రాలూ మాత్రం తుడిచి రంగు మీద గుడ్డ వేయవద్దని చెప్పండి. ఎండిన దుమ్మును పొడి బ్రష్షుతో దులిపే అలవాటు మీకే ఉంటే అదీ మానుకోండి.

ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అవి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. దీపం వెలుగుకు అడ్డంగా ఉన్న గీతల అంచులే కాంతిని మన కంటివైపు తిప్పుతాయి కనుక దీపం చుట్టూ వలయాలు ఉన్నట్టు కనిపిస్తుంది. తెల్ల కార్ల మీదా ఇన్ని గీతలే ఉంటాయి, నలుపు మీద అవి దాగలేవు, అంతే తేడా.

పని మొదలుపెట్టే ముందు మీ చేయి దేని మీద పడబోతున్నదో తెలుసుకోవాలి. కర్మాగారంలో రేకు మీద తుప్పు పట్టకుండా విద్యుత్తుతో పట్టించే ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు వేస్తారు. ఈ నాలుగూ కలిసి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటాయి. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, మీరు మెరుగు పెట్టబోయే పొర ఎంత పల్చనిదో అర్థమవుతుంది. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత అడుగు మట్టానికి దించడం. తేలికపాటి పాలిష్ సుమారు ఒక మైక్రానో, అంతకంటే తక్కువో తీస్తుంది. గట్టి కాంపౌండు, అంటే గరుకుదనం ఎక్కువగా ఉన్న పాలిష్, మూడు నాలుగు మైక్రాన్లు తీసేయగలదు. పోయిన క్లియర్ కోటు మళ్లీ రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే కనుక, గీతలన్నీ పోయేదాకా రుద్దుతానన్న పట్టుదల ఈ వ్యాపకంలో పనికిరాదు. గోటికి తగిలే లోతైన గీతను అలాగే వదిలేసి చుట్టూ ఉన్న సన్నగీతలను మాత్రం తీసినా, ఐదడుగుల దూరం నుంచి కారు కొత్తదిగానే కనిపిస్తుంది.

అందువల్ల మొదటి రెండు నెలలు పాలిష్ చేసే మిషను కొనవద్దని నా సలహా. ముందు కడగడం నేర్చుకోండి. నీడలో, రేకు చల్లబడ్డాక, మొదట ఒత్తిడితో నీళ్లు కొట్టి వదులుగా ఉన్న మట్టిని పోగొట్టాలి. తరవాత రెండు బక్కెట్లు పెట్టుకుని, ఒకదానిలో కారు షాంపూ, రెండోదానిలో మంచినీళ్లు ఉంచి, మైక్రోఫైబర్ చేతితొడుగును ప్రతిసారీ మంచినీళ్లలో జాడించిన తరవాతే షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి రావాలి. తలుపుల అడుగుభాగం, బంపర్లు ఆఖర్న చేయాలి. చక్రాలకు వేరే బక్కెట, వేరే గుడ్డ ఉండాలి. బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే ద్రావకం రంగు మీద రక్షణగా పూసే మైనం, అంటే వాక్స్‌ను కూడా కడిగేస్తాయి కనుక వాటిని వాడవద్దు. తుడిచేటప్పుడు పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును పరిచి నెమ్మదిగా లాగితే చాలు, రుద్దనక్కరలేదు. నేల మీద పడిన గుడ్డను ఉతికేదాకా రంగుకు తాకించకూడదు.

కడిగిన కారు మీద ఒక పల్చని ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి నిమిరి చూడండి. గరుకుగా తగిలితే ఇనుప రేణువులు, చెట్ల జిగురు, రోడ్డు తారు రంగుకు అంటుకుని ఉన్నాయన్నమాట. ఇనుప రేణువులను కరిగించే ద్రావకం చల్లితే అవి ఉన్న చోటల్లా ఊదారంగు చారలు కారతాయి. అది ఎండిపోకముందే కడిగేయాలి. మిగిలినవాటిని క్లే అనే మెత్తటి ముద్దతో, జారుడు ద్రావకం ధారాళంగా చల్లుకుంటూ తీయాలి. క్లే కూడా కొద్దిగా గీతలు వేస్తుంది కనుక పాలిష్ చేయబోయే ముందు తప్ప తరచుగా వాడవద్దు. కింద పడిన క్లే ముక్కను దాచుకోకుండా పారేయండి.

ప్రశ్న: నాకు మిషనుతో పని చేయడం నేర్చుకోవాలని ఉంది. కానీ మా వీధిలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపేవారు, ఆడవాళ్ల చేతిలో ఆ మిషను నిలవదనీ, రంగు కాలిపోతుందనీ అంటున్నారు. ఏ మిషను కొనాలి, ఎలా మొదలుపెట్టాలి? — ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఆయన మాట రోటరీ మిషను విషయంలో సగం నిజం, ఆడా మగా తేడా మాత్రం అందులో ఏమీ లేదు. రోటరీ ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. రాపిడి వేడి ఒకే చోట పోగుపడుతుంది కనుక, అనుభవం లేనివారు ఎవరు పట్టుకున్నా అంచుల దగ్గర క్షణాల్లో క్లియర్ కోటును దాటించి రంగును బయటపెట్టగలదు. పని పూర్తయ్యాక ఎండలో చూస్తే హోలోగ్రాములనే కదిలే నీడలు కూడా వదులుతుంది. మీరు కొనవలసినది డ్యూయల్ యాక్షన్ పాలిషర్. ఇందులో ప్యాడ్, అంటే రంగుకు ఆనే మెత్తటి బిళ్ల, తిరుగుతూనే కక్ష్యలో ఊగుతుంది. మరీ గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుందే తప్ప రంగును అంత సులభంగా కాల్చదు. ఇది రోటరీ కంటే ఖరీదైనదే అయినా, ఆ తేడాను మీ రంగుకు చేసుకున్న బీమాగా భావించండి. ఊగే వెడల్పు 8, 15, 21 మిల్లీమీటర్లుగా ఉండే రకాలు దొరుకుతాయి. మన చిన్న కార్లకు, మొదటి మిషనుగా, ఐదంగుళాల ప్యాడ్ పట్టే 15 మిల్లీమీటర్ల రకం సరిపోతుంది.

కారు మీద పెట్టే ముందు పాత సామాను దుకాణం నుంచి ఒక పాత బానెట్ తెచ్చుకుని దాని మీద చేయి తిప్పుకోండి. కావాలనే దాని అంచు మీద ఎక్కువసేపు మిషను నిలిపి, రంగు ఎప్పుడు పోతుందో ఒకసారి కళ్లారా చూడండి. తరవాత మీ కారు అంచుల దగ్గర చేయి దానంతట అదే జాగ్రత్తపడుతుంది. షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఈ భయభక్తులు ఇలాగే వచ్చాయి.

అసలు పనికి వచ్చేసరికి గాజులు, ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టాలి. చున్నీ వేసుకుంటే నడుముకు గట్టిగా చుట్టుకోవాలి, జుట్టు ముడి వేసుకోవాలి, మిషను వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. తలుపు అంచులు, బానెట్ మీది గీటు మడతలు, రబ్బరు, నల్ల ప్లాస్టిక్ భాగాలు ఉన్న చోట మాస్కింగ్ టేపు అతికించాలి. టేపు లేకుండా చేస్తే నల్ల ప్లాస్టిక్ మీద పాలిష్ తెల్లగా ఎండి వదలదు.

ముందు బానెట్ మీద ఒక మూల, రెండు అడుగుల చదరంలో పరీక్ష చేయండి. అన్నిటికంటే మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, అన్నిటికంటే సున్నితమైన పాలిష్‌తో మొదలుపెట్టాలి. గీతలు పోతే అంతకంటే గట్టిదానికి వెళ్లవలసిన అవసరమే లేదు. కొత్త ప్యాడ్‌కు నాలుగైదు శనగగింజలంత బొట్లు చాలు. మిషను ఆపి ఉండగానే ప్యాడ్‌ను రంగుకు ఆనించి, తక్కువ వేగంతో పాలిష్‌ను పరిచి, తరవాత వేగం పెంచి, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, ప్రతి వరస ముందు వరసలో సగాన్ని కప్పేటట్టు నడపాలి. మిషను ఎంత వేగంగా తిరిగినా మీ చేయి మాత్రం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదలకూడదు. కొత్తవారు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ తొందర వల్లనే వస్తాయి. ప్యాడ్ వెనుక ఉన్న పళ్లెం మీద మార్కరుతో ఒక గీత గీసుకుంటే అది తిరుగుతున్నదో, ఊరికే వణుకుతున్నదో తెలుస్తుంది. నాలుగైదు దఫాలు నడిపాక తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాలును నీళ్లలో కలిపి గుడ్డకు పట్టించి మరోసారి తుడవాలి. పాలిష్‌లోని నూనెలు సన్నగీతలను తాత్కాలికంగా కప్పిపెడతాయి కనుక, నూనె తీయకుండా చూసిన మెరుపును నమ్మకూడదు. అప్పుడు టార్చి వెలుగులో పరిశీలించి సంతృప్తి కలిగితే, అదే పద్ధతిలో మిగతా కారంతా చేయాలి. ప్రతి భాగం తరవాత ప్యాడ్‌ను మెత్తని బ్రష్షుతో దులపాలి. కారు మొత్తానికి ఒక్క ప్యాడ్ సరిపోదు.

గుంటూరు వేసవిలో ఇవన్నీ ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. వేడెక్కిన రేకు మీద పాలిష్ పనిచేయకముందే ఎండి అతుక్కుపోతుంది. ఒక్కరోజులో కారంతా చేయాలన్న నియమం కూడా లేదు; ఒక ఆదివారం బానెట్, మరో ఆదివారం తలుపులు చేసుకుంటే చేయి నొప్పి పుట్టదు, చూపు అలసిపోదు. మీరిలా నాలుగు భాగాలు పూర్తి చేశాక షెడ్డు ఆయన్నే పిలిచి చూపించండి, ఆయనకు తెలిసిన మెళకువలు అప్పుడు మీకు చెబుతారు.

ప్రశ్న: మాకు బోరు నీళ్లే దిక్కు. ఎంత బాగా కడిగినా కారు మీద తెల్లటి చుక్కలు మిగిలిపోతున్నాయి. ఇంట్లో ఆర్‌వో మిషను నుంచి వృథాగా పోయే నీళ్లు వాడవచ్చా? — ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: నీళ్లు పొదుపు చేయాలన్న మీ ఆలోచన మంచిదే కానీ, ఆ వృథా నీళ్లలో బోరు నీళ్లకంటే లవణాలు ఎక్కువగా ఉంటాయి. మిషను మంచినీళ్లను వేరుచేసి, వదిలేసిన కాల్షియం, మెగ్నీషియం లవణాలన్నీ వాటిలోకే చేరతాయి. వాటిని నేల కడగడానికి వాడండి, కారుకు వద్దు. బోరు నీళ్లతోనే కడిగి, చివరి జాడింపుకు మాత్రం రెండు మూడు లీటర్ల ఆర్‌వో మంచినీళ్లను చేతి స్ప్రేయరుతో చల్లి, ఎండే లోపల తుడిచేస్తే చుక్కలు పడవు. వాన నీళ్లు పట్టుకునే వీలుంటే అంతకంటే మేలు.

ఇప్పటికే పడిన చుక్కలకు, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, చల్లటి రేకు మీద తడిగుడ్డతో ఒక నిమిషం ఉంచి, బాగా కడిగేయండి. సున్నపు తెట్టు మాత్రమే అయితే కరిగిపోతుంది. చుక్క పోయినా దాని ఆకారంలో గుంట మిగిలి ఉంటే లవణం క్లియర్ కోటును తినేసిందని అర్థం. దానికి పాలిషే మార్గం. కడిగిన కారును ఎండలో ఆరనివ్వడమే ఈ గుంటలకు దారి తీస్తుంది.

ప్రశ్న: దసరాకు వాహన పూజ చేయించాక బానెట్ మీద పసుపు, కుంకుమ మరకలు పోవడం లేదు. పూజ మానడం ఇష్టం లేదు, ఏం చేయాలి? — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: పూజ మానవలసిన అవసరం లేదు. స్వస్తికం, బొట్లు రంగు మీద కాకుండా ముందు అద్దం మూలన, నంబరు ప్లేటు మీద పెడితే మరక అంటదు. బానెట్ మీద పెట్టడమే మీ ఆనవాయితీ అయితే, ఆ సాయంత్రమే ధారగా నీళ్లు పోసి కడగండి. పొడిగుడ్డతో తుడిస్తే కుంకుమ రేణువులు గీతలు వేస్తాయి. నిమ్మరసం, కొబ్బరి నీళ్లు పడిన చోట కూడా వెంటనే కడగాలి. నిమ్మలోని ఆమ్లం రాత్రంతా ఉంటే రంగు మీద మచ్చ చేస్తుంది. కర్పూరం వెలిగించిన పళ్లేన్ని బానెట్ మీద ఆనించవద్దు.

మిగిలిపోయిన పసుపు ఛాయను చూసి కంగారుపడకండి. పసుపులోని రంగు ఎండకు వెలిసిపోయే గుణం ఉన్నది కనుక కొద్ది రోజులు ఎండలో తిరిగితే చాలావరకు తగ్గుతుంది. కృత్రిమ రంగు కలిపిన కుంకుమ అలా పోదు. దానికి మొదట ఐసోప్రొపైల్ ఆల్కహాలు, అప్పటికీ పోకపోతే చేత్తో తేలికపాటి పాలిష్. పూజకు ముందు వాక్స్ వేసి ఉంచిన కారు మీద ఈ బాధ సగం తగ్గుతుంది.

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాను. నీటి కరువు రోజుల్లో కారు కడగడమే తప్పన్నట్టుగా ఉంది. ఈ వ్యాపకం మానుకోవాలా? — ఒక పాఠకుడు

సమాధానం: మానుకోనక్కరలేదు, పద్ధతి మార్చుకోవాలి. 2024 మార్చిలో అక్కడి జల మండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. జాడించనక్కరలేని ద్రావకాలు ఇలాంటి చోట్లకే పనికివస్తాయి. ఒక బక్కెట నీళ్లలో కొద్దిగా కలిపి, ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలను అందులో నానబెట్టి, ఒక్కో గుడ్డను నాలుగు మడతలు వేసి, ప్రతి మడతనూ ఒకే దిక్కుకు ఒక్కసారి మాత్రం లాగి, మురికిపట్టిన వైపును మళ్లీ రంగు మీదికి తేకుండా తుడుచుకుంటూ పోవాలి. ఎనిమిది పది లీటర్లతో కారంతా శుభ్రపడుతుంది. బురద గట్టిగా పట్టిన కారుకు మాత్రం ఈ పద్ధతి వద్దు. అలాంటప్పుడు శుద్ధి చేసిన నీటిని తిరిగి వాడే సర్వీస్ స్టేషనుకు తీసుకెళ్లి మట్టి కొట్టించుకోండి.

ప్రశ్న: సిరామిక్ కోటింగ్ వేయిస్తే గట్టిదనం 9హెచ్ అనీ, ఇక గీతలే పడవనీ షోరూములో చెప్పారు. సముద్రపు గాలికి కూడా మంచిదేనా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: సిరామిక్ కోటింగ్ అంటే రంగు మీద పూస్తే గట్టిపడే పల్చని రక్షణ పూత. దానితో గీతలు పడవన్న మాట నమ్మకండి. 9హెచ్ అన్నది పెన్సిళ్లతో గీసి చూసే పరీక్షలోని కొలత. ఇసుక రేణువు ముందు అది నిలవదు. కోటింగ్ వల్ల నిజంగా వచ్చే లాభం వేరు: నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, ఉప్పు తుంపరలు, పక్షుల రెట్టలు సులభంగా వదులుతాయి, కడగడం తేలికవుతుంది. విశాఖ వంటి చోట ఆ లాభం చిన్నదేమీ కాదు. అయితే కోటింగ్ కింద ఉన్న గీతలు దాంతోపాటే ఉండిపోతాయి కనుక ముందు పాలిష్ జరగాలి; ఉప్పు గాలి వల్ల అసలు దెబ్బతినే అడుగు రేకులకు ఈ కోటింగుతో సంబంధం లేదు, వాటిని మంచినీళ్లతో విడిగా కడిగించాలి. స్వయంగా చేసుకునే ఆనందం కోరేవారికి నా ఓటు వాక్స్‌కే. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు కర్నూబా తాటి ఆకుల నుంచి తీసే మైనం మన ఎండల్లో రెండు నెలలకు మించి నిలవకపోయినా, మళ్లీ వేసుకోవడం ఒక గంట పని.

ప్రశ్న: మా నాన్నగారి 1986 నాటి అంబాసిడర్‌ను ఇంట్లోనే ఉంచుకున్నాం. రంగు పాలిపోయి పొడిపొడిగా ఉంది. చేత్తో పాలిష్ చేయబోతే గుడ్డకు రంగు అంటుకుంది, భయపడి ఆపేశాను. — ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ఆపి మంచిపని చేశారు, అయినా భయం అక్కరలేదు. 1950ల చివరలో మొదలై 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్లలో మీ కారు కాలపు వాటికి సాధారణంగా క్లియర్ కోటు ఉండదు. రంగే పై పొర. ఎండకు పై పొర చచ్చి పొడిబారుతుంది, మీ గుడ్డకు అంటినది ఆ చచ్చిన రంగే. దాని కింద బతికున్న రంగు ఇంకా ఉండవచ్చు. అయితే ఇంత వయసున్న కారును మధ్యలో ఏదో ఒక షెడ్డులో మళ్లీ పెయింటు చేయించి ఉండే అవకాశమే ఎక్కువ. ముందు నాన్నగారిని అడిగి, ఏ భాగానికి ఎప్పుడు రంగు వేయించారో రాసుకోండి. వీలైతే మందం కొలిచే మీటరు అరువు తెచ్చుకోండి. 300 మైక్రాన్లు దాటిన చోట మళ్లీ రంగు వేశారని అనుకోవచ్చు. అంతకంటే బాగా ఎక్కువ చూపితే కింద లప్పం ఉంటుంది.

ఈ కారుకు మిషను వద్దు, డబ్బాలో వచ్చే గరుకు రబ్బింగ్ కాంపౌండు అసలే వద్దు. రుద్దే గుణం తక్కువగా, నూనెలు ఎక్కువగా ఉండే పాలిష్‌ను మెత్తటి గుడ్డతో ధారాళంగా పట్టించి, రాత్రంతా వదిలి, మర్నాడు తుడవండి. ఎండిపోయిన రంగు ఆ నూనెను పీల్చుకుని ముదురుతుంది. ఇలా రెండు మూడుసార్లు చేశాక ఎంత రంగు తిరిగివచ్చిందో చూసి, అప్పుడు మాత్రమే చాలా సున్నితమైన పాలిష్‌తో చేత్తో మెరుగు పెట్టండి. బానెట్ నడుమ ఎత్తు, ఫెండర్ల వంపులు, తలుపు అంచులు ఎప్పుడూ ముందుగా అరిగేవి కనుక అక్కడ సగం దఫాలే చేయాలి. బూడిదరంగు ప్రైమరు నీడ కనిపించడం మొదలైతే ఆ భాగాన్ని అంతటితో వదిలేయండి. పాతకాలపు రంగు కొద్దిగా మాసి ఉన్నా, కొత్తగా కొట్టించిన రంగు కంటే నాకు అదే ఎక్కువ గౌరవనీయం. మళ్లీ పెయింటు వేయించడం ఎప్పుడైనా చేయవచ్చు, ఉన్న పాత రంగు పోతే తిరిగి తేవడం మాత్రం కుదరదు.

బంపర్ల క్రోమ్ మీద పైపై తుప్పుకు, వంటింటి అల్యూమినియం రేకును నలిపి నీళ్లలో ముంచి నెమ్మదిగా రుద్దితే చాలు. పని పూర్తయ్యాక వాక్స్ వేసి, రెండు నెలలకొకసారి మళ్లీ వేయండి. కారుకు గుడ్డ ముసుగు కప్పే అలవాటుంటే, దుమ్ము పట్టిన కారు మీద ఎప్పుడూ కప్పకండి. గాలికి ముసుగు కదిలినప్పుడల్లా ఆ దుమ్ము రంగును గీరుతూనే ఉంటుంది.